డ్రమ్ము ఎక్కకపోతే లైనింగ్ మీద పడకండి: పాత అంబాసిడర్ బ్రేకుల సంగతి

తమ్ముడూ, మీరు రాసింది నిదానంగా రెండుసార్లు చదివాను. తాతగారి 1976 మార్క్ 3 అంబాసిడర్ చిత్తూరులో మీ షెడ్డులో ఏళ్ల తరబడి నిలబడిపోయింది. ఇప్పుడు నాలుగు చక్రాలకీ లైనింగ్ మార్పించారు, డ్రమ్ములు లేత్ మీద టర్నింగ్ చేయించారు, ముందు వీల్ సిలిండర్లు చెన్నై నుంచి కొత్తవి తెప్పించారు, బ్యాక్‌ప్లేట్లు విప్పించి రంగు వేయించారు. కొత్తగా చదివేవాళ్లకి ఒక మాట: డ్రమ్ము అంటే చక్రంతో పాటు తిరిగే గిన్నె లాంటి ఇనుప భాగం. దాని లోపల బ్యాక్‌ప్లేట్ అనే కదలని రేకు మీద రెండు వంపు షూలు ఉంటాయి. బ్రేకు తొక్కితే వీల్ సిలిండర్‌లోని పిస్టన్ ఆ షూలని తోస్తుంది, వాటి మీది లైనింగ్ డ్రమ్ముకి రాసుకుని చక్రాన్ని ఆపుతుంది. తీరా బిగించేసరికి వెనక ఎడమ డ్రమ్ము ఎక్కడం లేదు. ముందు రెండూ ఎక్కాయి గానీ పెడల్ రెండుసార్లు తొక్కితే తప్ప బ్రేకు అందడం లేదు. ఇంటి ముందు అటూ ఇటూ కదిపి చూస్తే రివర్సులో గట్టిగా పడుతున్న బ్రేకు, ముందుకు వెళ్లేటప్పుడు జారిపోతోంది. మెకానిక్ ఏమో "లైనింగ్ కొంచెం రుద్దేస్తే ఎక్కేస్తుంది, మిగతాది నడిచేకొద్దీ సెట్ అవుతుంది" అంటున్నాడు. పలమనేరులో పెళ్లికి ఈ బండిలోనే వెళ్లాలని ఇంట్లో అందరి కోరిక.

ముందు రెండు మాటలు గట్టిగా చెబుతాను. లైనింగ్ రుద్దనివ్వకండి. రివర్సు సంగతి తేలేదాకా బండిని గేటు దాటనివ్వకండి.

మీరు కొన్న సామాన్లు చెడ్డవని నాకు అనిపించడం లేదు. చాలావరకు సామాను మంచిదే అయ్యుంటుంది, కూర్చోవాల్సిన చోట కూర్చుని ఉండదు. అన్ని భాగాలూ తమ స్థానంలో ఉంటే డ్రమ్ము రెండు చేతులతో తోస్తే వెళ్లిపోవాలి, సుత్తి అవసరమే రాకూడదు. ఎక్కనని మొరాయిస్తోందంటే లోపల ఏదో పక్కకి ఉంది. అదేమిటో వెతక్కుండా లైనింగ్ అరగదీస్తే డ్రమ్ము ఎక్కుతుంది, తప్పు లోపలే దాక్కుంటుంది. తర్వాత రోడ్డు మీద దాన్ని పట్టుకోవడం చాలా కష్టం.

వెనక ఎడమ చక్రంతో మొదలుపెడదాం. కుడి వైపు డ్రమ్ము ఎక్కింది కదా, దాన్ని తీసి ఎడమ వైపు పెట్టి చూడండి. ఎడమ డ్రమ్మును కుడి షూల మీద పెట్టి చూడండి. దీనికి పైసా ఖర్చు లేదు, సగం అనుమానాలు ఇక్కడే తీరిపోతాయి. కుడి డ్రమ్ము ఎడమ షూల మీద హాయిగా ఎక్కితే తప్పు ఎడమ డ్రమ్ములో ఉంది. ఏ డ్రమ్ము పెట్టినా ఎడమ వైపే ఇరుక్కుంటే తప్పు షూల దగ్గర ఉంది.

డ్రమ్ములోనే తప్పయితే లోపలి అంచు వెంబడి వేలు పెట్టి తడమండి. ఏళ్ల తరబడి లైనింగ్ రాసుకున్న చోట డ్రమ్ము అరిగి, రాసుకోని అంచు దగ్గర చిన్న గట్టులా మిగిలిపోతుంది. లేత్ మీద టర్నింగ్ చేసే మనిషి టూల్‌ని చివరిదాకా తీసుకురాకపోతే ఆ గట్టు అలాగే ఉంటుంది. కొత్త లైనింగ్ దానికే తగులుకుంటుంది. మళ్లీ అదే లేత్‌కి పంపి అంచు వరకూ కోయిస్తే సరిపోతుంది.

తప్పు షూల దగ్గర ఉంటే మొదటి అనుమానం హ్యాండ్‌బ్రేక్ కేబుల్ మీదే. లోపల లివర్ కిందికి దించినంత మాత్రాన కేబుల్ వదులైనట్టు కాదు. పాత లైనింగ్ అరిగిపోయిన రోజుల్లో హ్యాండ్‌బ్రేక్ సరిగా పట్టక, షూలు అడ్జస్ట్ చేసే బదులు ఎవరో కేబుల్ నట్టు బిగించి పని కానిచ్చి ఉంటారు. ఇలా చేయడం మన దగ్గర చాలా మామూలు. కొత్త లైనింగ్ మందంగా ఉంటుంది కాబట్టి ఆ బిగువు ఇప్పుడు షూలని ఎడం చేసి నిలబెడుతుంది. బండి కిందకి దూరి కేబుల్ అడ్జస్ట్‌మెంట్ పూర్తిగా వదులు చేయండి. తర్వాత బ్యాక్‌ప్లేట్ వెనక బయటికి కనపడే చిన్న లివర్‌ని చేత్తో కదపండి. అది చివరిదాకా వెనక్కి వచ్చి ఆగాలి. కుడిది వచ్చి ఎడమది రాకపోతే ఆ పక్క కేబుల్ తొడుగులోనో, లివర్ పిన్ను దగ్గరో తుప్పు పట్టి బిగుసుకుంది. ఏళ్లుగా కదలని బండిలో ఇది జరగకపోతేనే ఆశ్చర్యం. ఎప్పుడూ ముందు షూలు అడ్జస్ట్ చేయాలి, కేబుల్ చివర్లో చూసుకోవాలి. ఈ వరస తిరగేస్తే ఎన్నిసార్లు బిగించినా ఏదో ఒక పేచీ వస్తూనే ఉంటుంది.

ఆ తర్వాత అడ్జస్టర్, అంటే షూలని డ్రమ్ముకి దగ్గరగానో దూరంగానో జరిపే స్క్రూ. పూర్తిగా వెనక్కి తిప్పి ఉందా అని మెకానిక్‌ని అడగడం కాదు, మీరే కూర్చుని చూడండి. వెనక ఒక్కో చక్రానికి ఒక్క అడ్జస్టరే. స్క్రూ ఆగిపోయింది కదా అని చివరికి వచ్చిందనుకోవద్దు, తుప్పుకి మధ్యలోనే ఆగి ఉండొచ్చు.

ఇక టార్చి పట్టుకుని షూ కొసలు చూడండి. షూ ఇనుప రేకు కొస ఒక పక్క సిలిండర్ పిస్టన్ గాడిలో, ఇంకో పక్క అడ్జస్టర్ గాడిలో దిగి కూర్చోవాలి. హడావిడిగా బిగించినప్పుడు ఆ కొస గాడిలోకి దిగక అంచు మీద నిలబడిపోతుంది. స్ప్రింగులు గట్టిగా లాగి పట్టుకుంటాయి కాబట్టి పైకి అంతా సరిగ్గా ఉన్నట్టే అనిపిస్తుంది. కానీ షూ ఆ మేరకు బయటికి వచ్చేసి ఉంటుంది. రెండు షూల మీదా బొటనవేళ్లు పెట్టి పైకీ కిందికీ కొంచెం ఊపండి. సరిగ్గా కూర్చున్న షూ మొత్తం ఒకటిగా కదులుతుంది. కూర్చోనిది ఒక కొస దగ్గర టక్కుమని జారుతుంది. ఆ చప్పుడు వినపడిందంటే మీకు జవాబు దొరికినట్టే.

అక్కడే ఇంకొకటి చూసుకోండి. బ్యాక్‌ప్లేట్‌కి రంగు వేయించారన్నారు. షూ పక్క అంచు రాసుకునే చోట బ్యాక్‌ప్లేట్ మీద చిన్న చిన్న ఎత్తులు ఉంటాయి, వాటి మీద రంగు ఉండకూడదు. రంగు మందంగా పడితే షూ పక్కకి వాలుతుంది, వేడికి మెత్తబడి అతుక్కుంటుంది కూడా. బ్లేడుతో గీకి ఇనుము కనపడేలా చేసి, వేడికి తట్టుకునే బ్రేక్ గ్రీజు పలచగా రాయండి. బేరింగులకు కొట్టే మామూలు గ్రీజు వద్దు, వేడికి కరిగి లైనింగ్ మీదకి పాకుతుంది. వెనక సిలిండర్ బ్యాక్‌ప్లేట్ గాడిలో అటూ ఇటూ జరిగే రకమైతే ఆ గాడిలో రంగు ఇంకా ప్రమాదం. సిలిండర్ జరగకపోతే ఒక షూ మాత్రమే పని చేస్తుంది, రెండోది ఊరికే ఉంటుంది. డ్రమ్ముకి షూలు నడిమధ్యన ఉండకపోవడానికి కూడా ఇదే కారణం కావచ్చు. చేత్తో తోస్తే సిలిండర్ జరగాలి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా షూలు బయటికే ఉంటే సిలిండర్‌లో ప్రెషర్ నిలిచిపోయిందేమో చూడాలి. సిలిండర్‌లోంచి గాలి, ఆయిల్ బయటికి వదిలే బ్లీడింగ్ నిపిల్‌కి సన్నని ప్లాస్టిక్ పైపు తగిలించి, రెండో కొస సీసాలో పెట్టి, నిపిల్ కొద్దిగా వదులు చేయండి. ఆయిల్ చిమ్మి, షూలు దగ్గరికి వచ్చేస్తే కారణం ప్రెషరే. ఒకటి రెండు బొట్లు కారితే కంగారుపడకండి. డ్రమ్ బ్రేకుల లైనులో కాస్త ప్రెషర్ నిలిపి ఉంచే చెక్ వాల్వ్, పెడల్ తొక్కినప్పుడు చక్రాలకి ఆయిల్ తోసే మాస్టర్ సిలిండర్‌లోనే ఉంటుంది, అది దాని ధర్మం. కానీ మీ బండిలో ఈ అనుమానం నాకు తక్కువ. ఈ కార్లలో వెనక ఇరుసుకి ఒకటే రబ్బరు హోస్ వస్తుంది, అక్కడి నుంచి రెండు పక్కలకీ ఇనుప పైపులు చీలుతాయి. హోస్ లోపల వాచి ప్రెషర్ ఆపేస్తే కుడి చక్రం కూడా బిగుసుకోవాలి కదా. అలాగే పెడల్‌కీ మాస్టర్ సిలిండర్‌కీ మధ్య ఉండే పుష్‌రాడ్‌కి ఖాళీ లేకపోతే నాలుగు చక్రాలూ పట్టేస్తాయి. అయినా పుష్‌రాడ్ ఖాళీ మాత్రం చూసి పెట్టుకోండి. పెడల్‌ని ఒక వేలితో నొక్కితే పిస్టన్‌కి తగిలేలోపు కాస్త ఉత్త కదలిక ఉండాలి. అది లేకపోతే ఆయిల్ వెనక్కి వెళ్లే దారి మూసుకుపోతుంది. నడిచేకొద్దీ వేడికి ఆయిల్ పెరిగి బ్రేకులు వాటంతట అవే పట్టేస్తాయి.

చివరగా లైనింగ్ మందం. వెర్నియర్ దొరికితే ఎడమ, కుడి షూల లైనింగ్ పక్కపక్కన కొలవండి. లైనింగ్ షాపుల్లో మన బండి సైజు లేకపోతే వేరే బండి లైనింగ్ కోసి రివెట్లు కొట్టేస్తారు. ఒక జత పలచగా, ఒక జత మందంగా వచ్చే అవకాశం ఉంది. షూని వెలుతురుకి ఎత్తి పట్టుకుని పక్క నుంచి చూడండి. లైనింగ్‌కీ షూ రేకుకీ మధ్య వెలుతురు సందు కనపడితే రివెట్లు సరిగా కొట్టలేదు. నడి మధ్య నుంచి మొదలుపెట్టి రెండు కొసల వైపు కొట్టుకుంటూ రావాలి. కొసల నుంచి మొదలుపెడితే నడుమ ఉబ్బుతుంది. ఆ ఉబ్బు డ్రమ్ముకి అడ్డం పడుతుంది, పెడల్ కూడా మెత్తగా అనిపిస్తుంది. డ్రమ్ము లోపలి వ్యాసం కొలిచి, షూలు ముడుచుకుని ఉండగా వాటి బయటి కొలతతో పోల్చండి. అడ్జస్టర్ వెనక్కి ఉన్నప్పుడు షూల కొలత కనీసం అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు తక్కువ ఉండాలి. ఇన్ని చూశాక కూడా లైనింగే మందమని తేలితే అప్పుడు తగ్గించండి, అదీ లైనింగ్ షాపులో డ్రమ్ము వంపుకి సరిపోయేలా మెషిన్ మీద. చేత్తో ఎమరీ పట్టి రుద్దితే వంపు పోతుంది, పట్టు పోతుంది.

ఇప్పుడు అసలు భయపెట్టే విషయానికి వస్తాను. రివర్సులో బాగా పట్టి ముందుకు జారుతోందని మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. మీరు రాసిన మొత్తంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనపడింది ఆ వాక్యమే.

అంబాసిడర్‌కి మూలం మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. దాని ముందు బ్రేకుల్లో ఒక్కో చక్రానికి రెండు సిలిండర్లు ఉంటాయి, ఒక్కొక్కటి ఒక్కో షూని తోస్తుంది. ఒక సిలిండర్ పిస్టన్ ఒక షూని తోస్తే, అదే సిలిండర్ వెనక భాగం రెండో షూ కొసకి ఆనుడుగా ఉంటుంది. బండి ముందుకు వెళ్తున్నప్పుడు డ్రమ్ము తిరిగే వేగమే రెండు షూలనీ ఇంకా లోతుగా డ్రమ్ములోకి లాక్కుంటుంది. గాలికి మూసుకుంటున్న తలుపు కింద చెక్క చీలిక ఇరుక్కుని, తలుపు తోసేకొద్దీ ఇంకా బిగుసుకున్నట్టు. మీ కాలి బలానికి తోడు డ్రమ్ము బలం కూడా కలుస్తుంది కాబట్టే కాలి బలాన్ని పెంచే బూస్టర్ లేకుండా అంత బరువైన బండి ఆగుతుంది.

సిలిండర్లు తిరగబడితే ఇదంతా తలకిందులవుతుంది. ముందుకు వెళ్లేటప్పుడు డ్రమ్ము షూని లాక్కోవడానికి బదులు తన నుంచి దూరంగా నెట్టేస్తుంది, రివర్సులో లాక్కుంటుంది. మీరు చెప్పిన లక్షణం అచ్చం ఇదే. రెండు ముందు బ్యాక్‌ప్లేట్లు ఒకేసారి విప్పి రంగు వేసి ఆరబెట్టారు కదా, ఎడమది కుడికి, కుడిది ఎడమకి వెళ్లిపోయి ఉండొచ్చు. లేదా బ్యాక్‌ప్లేట్లు సరైన చోటే ఉండి, కొత్త సిలిండర్లు ఎడమ కుడి మారి ఉండొచ్చు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, పట్టి చూస్తే గానీ తేడా తెలియదు.

దీన్ని పరీక్షించడం తేలికే. ముందు చక్రం, డ్రమ్ము తీసి బండి పక్కన కూర్చోండి. కుడి వైపు నుంచి చూస్తే బండి ముందుకు పోయేటప్పుడు చక్రం గడియారం ముల్లు తిరిగినట్టు తిరుగుతుంది, ఎడమ వైపు నుంచి చూస్తే దానికి ఎదురు. ఆ దిశలో ఒక షూ మీద వేలు నడిపించండి. మీ వేలు ముందు పిస్టన్ తోసే కొస మీద మొదలై, ఆనుడు కొస దగ్గర ముగియాలి. రెండు షూలకీ అలాగే రావాలి. వేలు ముందు ఆనుడు కొసకి తగిలి, పిస్టన్ దగ్గర ముగిస్తే సిలిండర్లు తిరగబడ్డాయి. రెండు చక్రాలకీ చూడండి. ఒకటి సరిగ్గా ఉండి ఒకటి తిరగబడితే బండి బ్రేకు కొట్టిన ప్రతిసారీ సరిగ్గా ఉన్న చక్రం వైపు లాగేస్తుంది. రెండూ తిరగబడితే లాగదు, ఆగదు. ఇంటి ముందు నిదానంగా కదిపినప్పుడు "ఏదో కొంచెం తక్కువ పడుతోంది" అనిపించి ఊరుకుంటారు, ఘాట్ దిగేటప్పుడు గానీ దాని తీవ్రత తెలియదు.

ఇంకో గుర్తు కూడా ఉంది. బ్యాక్‌ప్లేట్ వెనక హోస్ తగిలే చోటు చూడండి. హోస్ మెలికపడి సాగదీసినట్టు ఉన్నా, స్టీరింగ్ చివరిదాకా తిప్పినప్పుడు టైరుకో ఆర్మ్‌కో రాసుకుంటున్నా, అది తన చోట లేనట్టే.

సరిచేయడానికి బ్యాక్‌ప్లేట్లో సిలిండర్లో, ఏవి తారుమారైతే వాటిని ఎడమ కుడి మార్చి బిగించాలి, మళ్లీ ఎయిర్ తీయాలి. ఒక పూట పని. మెకానిక్‌తో వాదన పెట్టుకోవద్దు, పక్కన కూర్చోబెట్టి షూ మీద వేలు నడిపించి చూపించండి. పని తెలిసిన మనిషైతే ఒక్క చూపులో ఒప్పుకుంటాడు.

రెండుసార్లు తొక్కితే గానీ పెడల్ అందకపోవడానికి కారణాలు రెండు మూడు కలిసి ఉండొచ్చు, అందుకని తొక్కినప్పుడు కాలికి ఎలా తగులుతోందో గమనించండి. రెండోసారి తొక్కగానే గట్టిగా, పైన ఆగితే షూలకీ డ్రమ్ముకీ మధ్య ఖాళీ ఎక్కువ. ముందు ఒక్కో చక్రానికి రెండు అడ్జస్టర్లు, షూకి ఒకటి. ఒకటే తిప్పి రెండోది మర్చిపోతారు, ఇది నేను మా తిరుపతిలో చాలా బళ్లలో చూశాను. డ్రమ్ము మీద ఉన్న రంధ్రాన్ని ఒక అడ్జస్టర్ ఎదుటికి తెచ్చి, స్క్రూడ్రైవర్‌తో డ్రమ్ము ఆగిపోయేదాకా తిప్పి, స్వేచ్ఛగా తిరిగేంత మాత్రమే వెనక్కి వదలండి. డ్రమ్ము తిప్పి రెండో అడ్జస్టర్‌కీ అంతే. నాలుగు చక్రాలూ అయ్యాక పెడల్ గట్టిగా నాలుగైదుసార్లు తొక్కితే షూలు నడిమధ్యకి సర్దుకుంటాయి, అప్పుడు ఖాళీ మళ్లీ ఏర్పడుతుంది. ఇంకోసారి అడ్జస్ట్ చేయాలి. ఈ రెండో విడత చేయకుండా బండి దించేస్తే పెడల్ ఎప్పటికీ లోతుగానే ఉంటుంది.

ఎన్నిసార్లు తొక్కినా స్పాంజిలా మెత్తగా ఉంటే లోపల ఎయిర్ ఉంది, లేదా లైనింగ్ వంపు డ్రమ్ముకి కుదరక షూ స్ప్రింగులా వంగుతోంది. ఎయిర్ తీసేటప్పుడు మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రం ముందు: వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, చివరగా ముందు కుడి. బ్యాక్‌ప్లేట్లు తారుమారైతే నిపిల్ కిందికి వెళ్లి ఉండే అవకాశం ఉంది. నిపిల్ ఎత్తులో లేకపోతే ఎంత పంపు కొట్టినా పైన ఉన్న గాలి బయటికి రాదు. అంటే పెడల్ సమస్య, రివర్సు సమస్య రెండూ ఒకే తప్పు నుంచి వచ్చి ఉండొచ్చు. అందుకే ముందు బ్యాక్‌ప్లేట్లు సరిచేయండి, పెడల్ సంగతి తర్వాత.

డ్రమ్ము తీసి ఉండగా ఎవరూ పెడల్ తొక్కకుండా చూడండి. పిల్లలు ఆడుతూ ఎక్కి తొక్కినా పిస్టన్ బయటికి వచ్చేస్తుంది. షూల చుట్టూ గట్టి తీగ కట్టి పెడితే నిశ్చింత.

లైనింగ్ వంపు కుదిరిందో లేదో తెలుసుకోవడానికి సుద్దముక్క చాలు. డ్రమ్ము లోపల అంతా సుద్ద రాసి, ఎక్కించి, షూలు కొద్దిగా తగిలేలా అడ్జస్ట్ చేసి, చేత్తో రెండు మూడు చుట్లు తిప్పి విప్పండి. లైనింగ్ మీద తెలుపు ఎక్కడ అంటిందో చూడండి. నడుమ మాత్రమే అంటితే ఫరవాలేదు, నడిచేకొద్దీ పరుచుకుంటుంది. టర్నింగ్ చేసి డ్రమ్ము పెద్దదైనప్పుడు ఇలాగే వస్తుంది. మొదట్లో బ్రేకు కొంచెం తక్కువ ఉంటుందంతే. రెండు కొసల దగ్గరే అంటితే మాత్రం బాగాలేదు. ఆ షూ బ్రేకు కొట్టగానే కరిచి పట్టుకుంటుంది, కీచుమంటుంది, డ్రమ్ము ఎక్కకపోవడానికీ కారణం కావచ్చు. కొసల దగ్గర లైనింగ్‌ని ఏటవాలుగా కొంచెం కోయించి, వంపు సరిచేయించాలి.

టర్నింగ్ ఎంత చేశారో లేత్ వాళ్లని అడిగి రాసి పెట్టుకోండి. డ్రమ్ము మీద గరిష్ఠ కొలత పోత పోసి ఉంటే దానికి కట్టుబడండి. లేకపోతే అసలు వ్యాసం మీద మొత్తం ఒకటిన్నర మిల్లీమీటరు దాటకూడదన్నది మా పనిలో అందరూ పాటించే హద్దు. అది దాటితే డ్రమ్ము పలచబడి, వేడికి సాగుతుంది, పగులుతుంది. ఎడమ, కుడి డ్రమ్ములు ఒకే కొలతకి ఉండాలి. డ్రమ్ము హబ్ మీద ఆనే ముఖం మీద తుప్పు, రంగు పెచ్చు ఏది ఉన్నా డ్రమ్ము వంకరగా కూర్చుంటుంది, పెడల్ కాలి కింద కొట్టుకుంటుంది. వైరు బ్రష్‌తో రెండు ముఖాలూ శుభ్రం చేయండి.

శుభ్రం అన్నాను కాబట్టి ఒక మాట. పాత లైనింగ్‌లో ఆస్బెస్టాస్ ఉంటుంది. ఆ దుమ్ముని ఎయిర్ కంప్రెసర్‌తో ఊదొద్దు, నోటితో అసలే ఊదొద్దు. అది ఊపిరితిత్తుల్లోకి వెళ్తే బయటికి రాదు, కొన్ని పదుల ఏళ్ల తర్వాత క్యాన్సర్‌గా బయటపడొచ్చు. సబ్బు నీళ్లతో తడిపి, గుడ్డతో తుడిచి, ఆ గుడ్డ కవర్లో కట్టి పారేయండి. మాస్కు పెట్టుకోండి, షెడ్డులో పని చేసే కుర్రాడికి కూడా పెట్టించండి. లైనింగ్ చేత్తో రుద్దొద్దని అనడానికి ఇది ఇంకో కారణం.

సిలిండర్ రబ్బరు బకెట్లని, అంటే ఆయిల్ కారకుండా పిస్టన్ దగ్గర ఉండే రబ్బరు సీళ్లని, పెట్రోలు, కిరోసిన్, డీజిల్‌లో కడగనివ్వకండి. రబ్బరు ఉబ్బిపోయి పిస్టన్ బిగుసుకుంటుంది. బ్రేక్ ఆయిల్‌తోనే కడగాలి. ఆయిల్ మొత్తం పాతది తీసేసి కొత్తది పోయండి, డాట్ 3 లేదా డాట్ 4. కొత్త డాట్ 3 మరిగే వేడి కనీసం 205 డిగ్రీల సెల్సియస్, గాలిలోని తేమ పీల్చుకున్నాక అది 140 దాకా దిగిపోవచ్చు. ఏళ్లుగా అందులోనే ఉన్న ఆయిల్ మీద ఘాట్ దిగితే ఆయిల్ మరిగి ఆవిరి అవుతుంది, పెడల్ నేలకి అంటుకుంటుంది. సిలికాన్ రకం డాట్ 5ని వీటితో కలపకూడదు. మీ మాస్టర్ సిలిండర్ పాత పద్ధతిలో ఒకే గది ఉన్నదైతే ఎక్కడ లీకైనా నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుంది, కాబట్టి వెనక సిలిండర్లు పాతవే ఉంచేశారేమో కూడా చూడండి. సిలిండర్ కొసన ఉండే రబ్బరు డస్ట్ కవర్ కొంచెం ఎత్తి చూస్తే తడి తెలుస్తుంది. తడి ఉంటే ఆలోచించకుండా మార్చేయండి. చెన్నై జీపీ రోడ్డులో కొత్త సామాను దొరుకుతుంది, పాత డ్రమ్ములు, బ్యాక్‌ప్లేట్లు కావాలంటే పుదుపేట. వెళ్లేటప్పుడు పాత భాగం చేతిలో పట్టుకుని వెళ్లండి, ఫొటో చూపించి కొంటే మళ్లీ ఎడమ కుడి తేడాలు వస్తాయి.

అన్నీ సరిచేశాక నేరుగా పలమనేరు బయలుదేరకండి. కొత్త లైనింగ్ కూర్చోవడానికి రెండు మూడు వందల కిలోమీటర్లు మెత్తగా నడవాలి. ఉదయం ట్రాఫిక్ లేనప్పుడు కాణిపాకం దాకా వెళ్లి రండి. మొదటి రోజు దారిలో ఆపి, నాలుగు డ్రమ్ముల మీదా కొంచెం నీళ్లు చిలకరించండి. ఒక చక్రం దగ్గర మాత్రమే చుయ్యిమని ఆవిరి లేస్తే అక్కడ షూ రాసుకుంటోంది, అడ్జస్టర్ కాస్త వెనక్కి వదలాలి. ముందు రెండు డ్రమ్ములూ ఒకే వేడిలో ఉండాలి. మైదానంలో నలభై వేగం నుంచి బ్రేకు కొట్టి, స్టీరింగ్ మీద చేతులు వదులుగా పెట్టి చూడండి, ఎటూ లాగకూడదు. ఆ తర్వాత పెడల్ మళ్లీ లోతుగా అనిపిస్తే ఇంకోసారి అడ్జస్ట్ చేయండి, లైనింగ్ సర్దుకుంటున్నప్పుడు ఇది మామూలే.

పెళ్లికి వెళ్లేటప్పుడు ఎక్కుడు కాబట్టి బ్రేకులకి పెద్ద పని ఉండదు. తిరుగు ప్రయాణంలో మొగిలి ఘాట్ దిగాలి. పక్కన లారీలు, బస్సులు బెంగళూరు నుంచి వేగంగా దిగుతుంటాయి, వాటితో పోటీ వద్దు. దిగుడు మొదలవ్వకముందే గేరు తగ్గించండి, రెండో గేరులో ఇంజిన్ పట్టు మీద దింపండి. బ్రేకు మీద కాలు అదే పనిగా ఆనించి ఉంచితే డ్రమ్ము వేడెక్కి వెడల్పవుతుంది, షూకీ దానికీ దూరం పెరిగి పెడల్ కిందికి దిగుతుంది. ఒకసారి గట్టిగా తొక్కి వేగం తగ్గించి, పూర్తిగా వదిలేయండి. వదిలినంత సేపూ డ్రమ్ముకి గాలి తగులుతుంది. పెళ్లి రోజుకి ఈ పనులన్నీ పూర్తి కాకపోతే ఇంకో బండిలో వెళ్లండి. తాతగారి బండి ఇన్నేళ్లు ఆగింది, ఇంకో నెల ఆగుతుంది.

ముందు చక్రం డ్రమ్ము తీశాక రెండు వైపులా ఎదురుగా నిలబడి తీసిన ఫొటో, వెనక డ్రమ్ములు అటూ ఇటూ మార్చి చూసిన ఫలితం, లైనింగ్ మందం కొలతలు పెట్టండి. పిస్టన్లు ఎటు చూస్తున్నాయో ఫొటోలో స్పష్టంగా కనపడాలి. అది చూసి బ్యాక్‌ప్లేట్లు మార్చాలో, సిలిండర్లు మాత్రమే మార్చితే సరిపోతుందో చెబుతాను.